బెండర్ తిప్పితే తెలిసిపోతుంది

ఎల్బీ నగర్ రింగు రోడ్డు దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఫంక్షన్ హాళ్లు వరసగా తగులుతాయి. పెళ్లిళ్ల సీజన్లో ఏ హాల్లోకి తొంగి చూసినా స్టేజీ మీద ఒక కీబోర్డు, పక్కన ఆక్టాపాడ్, ఈ మధ్య కీబోర్డు పక్కనే స్టాండు మీద ఒక ల్యాప్‌టాప్. పెళ్లివారిలో ఎవరో తొంభైల నాటి పాట అడుగుతారు. పల్లవికి ముందొచ్చే చిన్న బిట్ కోసం కీబోర్డు కుర్రాడు టోన్లు మారుస్తూ పోతాడు. గాయకుడు మైకు చేత్తో మూసి, "అన్నా, ఆ పాత టోన్ లేదా?" అంటాడు. ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆ పేరుతోనే ఉంటుంది. మీట నొక్కగానే అచ్చం అదే అనిపిస్తుంది కూడా. పక్క స్వరంలోకి జారేటప్పుడే ఎక్కడో తేడా కొడుతుంది.

పాత సింథసైజర్ల నాదాన్ని మీట మీటకూ రికార్డు చేసి, ఆ శాంపిళ్లను కంప్యూటర్లో పేర్చి వాయించే పద్ధతి మీద రెండు తీర్పులు ఎప్పటినుంచో ఉన్నాయి. కళ్లు మూసుకుని వింటే అసలుకీ దీనికీ తేడా తెలియదనేది ఒకటి. పాతది పాతదే, ఇదంతా ప్లాస్టిక్ పువ్వనేది రెండోది. ఈ రెండు వర్గాలూ ఒకే యంత్రం గురించి మాట్లాడుకోవడం లేదు కాబట్టే వాదన తెగడం లేదని నా అనుమానం. పాత సింథసైజర్ అనేది ఒక జాతి కాదు. కొన్నింటి విషయంలో శాంపిల్ నూటికి తొంభై పాళ్లు న్యాయం చేస్తుంది, కొన్నింటికి అది అసలు తగని పని, మరికొన్నింటికి మొదటి క్షణం వరకే పనికొస్తుంది.

ముందు మాటల తికమక ఒకటి తీర్చుకోవాలి. ఆర్కెస్ట్రా వాళ్లు 'ప్యాడ్' అంటే కర్రలతో కొట్టే ఆక్టాపాడ్. స్టూడియోలో కీబోర్డు వాయించేవాళ్లు 'ప్యాడ్' అంటే పాట అడుగున మెత్తగా పరుచుకునే పొడుగు స్వరాలు. ఇళ్లల్లో కంపెనీ ఏదైనా సరే ప్రతి కీబోర్డూ 'క్యాసియో'నే. కనక 'పాత క్యాసియో సౌండ్ కావాలి' అని ఎవరైనా అడిగితే ఆ మనిషి మనసులో ఉన్నది జపాన్‌లో తయారైన ఏ యంత్రమైనా కావచ్చు.

తెలుగు సినిమా పాటలోకి ఈ యంత్రాలు ఎనభైలలో వచ్చాయి. అప్పటికి మన సంగీతమంతా మద్రాసులోనే తయారయ్యేది. హాలు నిండా వయొలిన్లతో రికార్డింగు జరిగే కాలం నుంచి ఇద్దరు ముగ్గురు కీబోర్డు వాయించేవాళ్లతో పాట నిలబడే కాలానికి జరిగిన మార్పు రాజ్-కోటి జంటలో స్పష్టంగా కనిపిస్తుంది. రాజ్ తండ్రి టి.వి.రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఇద్దరివీ వాద్యబృందంతో పనిచేసిన తరం నుంచి వచ్చిన ఇళ్లు. 1983లో 'ప్రళయ గర్జన'తో మొదలైన ఈ జంట దగ్గర కీబోర్డు వాయించినవాళ్లలో ఎ.ఆర్.రెహమాన్ ఉన్నారు. తర్వాత తామే సంగీత దర్శకులైన మణిశర్మ వంటివాళ్లూ కీబోర్డు నుంచి ఎదిగినవాళ్లే. 1994 నాటి 'హలో బ్రదర్' వచ్చేసరికి ప్రేక్షకుడి చెవికి సింథసైజర్ వింత వస్తువు కాదు, ఇంటి మనిషి. ఫలానా పాటలో ఫలానా మెషీన్ వాడారని పంతాలు పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పంతం వల్ల ఒరిగేదేమీ లేదు. పాటలో ఒక్క బిట్ వెనక రెండు మూడు మెషీన్లను ఒకదానిమీద ఒకటి పేర్చడం ఆ రోజుల్లో మామూలే.

ఇక యంత్రాల దగ్గరికి వద్దాం. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7తో మొదలుపెడతాను, ఎందుకంటే దీనితో తీర్పు సులువు. ఇందులో వాడిన ఎఫ్ఎం పద్ధతిని 1967లో స్టాన్‌ఫర్డ్‌లో కనిపెట్టిన జాన్ చౌనింగ్, స్వరాన్ని ఊపే వేగాన్ని పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటాక చెవికి ఊపు వినిపించడం మానేసి కొత్త నాదం వినిపించింది. మన మాటల్లో చెప్పుకోవాలంటే కంపితాన్ని మనిషి వేళ్లకు అందనంత వేగంగా చేస్తే అది గమకంగా మిగలదు, వాద్యమే మారిపోయినట్టుంటుంది. డీఎక్స్7లో ఇదంతా లెక్క. ఆరు ఆపరేటర్లు, 32 అల్గారిథమ్‌లు, వాటి అంకెలు. ఒక టోన్ మొత్తం 128 బైట్లలో ఇమిడిపోతుంది. 32 టోన్ల బ్యాంకును కీబోర్డునూ కంప్యూటర్‌నూ కలిపే మిడి తీగ మీదుగా బయటికి తీస్తే వచ్చే ఫైలు 4,104 బైట్లు.

అదే టోన్‌ను శాంపిల్ చేస్తే? సెకనుకు 44,100 శాంపిళ్లు, 24 బిట్లు, స్టీరియో అంటే సెకనుకు 2,64,600 బైట్లు. 61 మీటలు, ఒక్కోటి మెల్లగా మొదలుకుని గట్టిగా వరకు నాలుగు తాకిళ్లు, ఒక్కోటి పది సెకన్లు. మొత్తం 645 మెగాబైట్ల పైమాట. 128 బైట్ల వస్తువుకు 50 లక్షల రెట్లు! అంత చేసినా దక్కేది నాలుగు మెట్లు మాత్రమే. అసలు యంత్రంలో వేలి బరువు పెరిగేకొద్దీ నాదం సన్నగా మెరుస్తూ మారుతుంది, మెట్లు ఉండవు. ఎలక్ట్రిక్ పియానో టోన్‌లో ఈ మెరుపే ప్రాణం. అదే లెక్కను కంప్యూటర్‌తో చేయించే డెక్స్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పాత డీఎక్స్7 టోన్ల ఫైళ్లను నేరుగా చదువుకుంటుంది. డీఎక్స్7 శాంపిల్ లైబ్రరీలను డబ్బు పెట్టి కొనేవాళ్లను చూస్తే నాకు జాలి.

దీనికి సరిగ్గా అవతలి కొసన ఉంది 1988 నాటి కోర్గ్ ఎం1. ఇది స్వయంగా శాంపిళ్ల యంత్రం. పియానో, బృందగానం, ఆర్గాన్ ఇవన్నీ నాలుగు మెగాబైట్ల రోమ్ చిప్పుల్లో కుక్కి పెట్టారు. అంత తక్కువ చోటు కాబట్టి ఒక్కో శాంపిల్ పొట్టిగా ఉంటుంది, చివర చిన్న ముక్క గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఆనాడు అది పొదుపు. ఈనాడు మనం 'ఎం1 పియానో' అని మురిసిపోయేది ఆ పొదుపు వల్ల వచ్చిన గుణానికే. శాంపిల్‌ను శాంపిల్ చేస్తే పోయేది తక్కువ. ఎం1 ఫిల్టర్‌లో రెజొనెన్స్ కూడా లేదు కాబట్టి పట్టుకోలేని కదలిక కూడా తక్కువే. కోర్గే తర్వాత తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఎం1లో రెజొనెన్స్ చేర్చింది, అది వేరే సంగతి.

రోలాండ్ డి-50 ఈ రెంటికీ నడుమ ఉంటుంది. 1987లో చిప్పులు ఖరీదు కాబట్టి స్వరం మొదట వచ్చే తాకిడిని మాత్రం శాంపిల్‌గా పెట్టి, వెనక వచ్చే సాగుడును సింథసైజర్‌తో తయారు చేశారు. చెవి వాద్యాన్ని గుర్తుపట్టేది చాలావరకు ఆ మొదటి తాకిడితోనే కదా, ఆ కిటుకు. ఎకో, కోరస్ వంటివి యంత్రంలోనే ఉన్నాయి. దీని టోన్లు తయారు చేసినవాళ్లలో ఎరిక్ పెర్సింగ్ ఒకడు. ఆయనే తర్వాత స్పెక్ట్రసోనిక్స్ పెట్టి 2008లో ఆమ్నిస్ఫియర్ తెచ్చాడు. హైదరాబాద్ స్టూడియోల్లో ఆమ్నిస్ఫియర్ ప్యాడ్‌లు వాడుతూ 'అచ్చం పాత రోలాండ్‌లా ఉంది' అనుకునేవాళ్లకు దీంట్లో ఆశ్చర్యపడాల్సింది లేదు, వంటవాడు ఒకడే.

అసలు చిక్కంతా అనలాగ్ యంత్రాలతో. 1970 నాటి మినీమూగ్, 1978 నాటి ప్రాఫెట్-5, 1981 నాటి జూపిటర్-8, 1984 నాటి జూనో-106. వీటిలో స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ మనం మీట నొక్కినప్పుడు మొదలవదు, అది లోపల ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. మనం తలుపు తీస్తామంతే. తీసిన ప్రతిసారీ అల ఒక కొత్త చోట ఉంటుంది. అందుకే ఒకే స్వరాన్ని ఎనిమిది సార్లు కొట్టినా ఎనిమిది సార్లూ వెంట్రుకవాసి తేడా. శాంపిల్‌కు ఆ భాగ్యం లేదు, ప్రతిసారీ అదే క్షణం నుంచి మొదలవుతుంది, వేగంగా కొడితే మిషన్ కుట్టినట్టుంటుంది. దీనికి విరుగుడుగా ఒకే స్వరాన్ని నాలుగైదు సార్లు రికార్డు చేసి వంతులవారీగా వాయిస్తారు. కొంత నయం.

కోరస్ సంగతి ఇంకా విచిత్రం. జూనో-106కు అందం తెచ్చేది దాని చివర ఉన్న కోరస్. ఆరు స్వరాలు వాయించినా అన్నీ కలిసి ఒకే కోరస్‌లోంచి బయటికొస్తాయి, ఒకే అల మీద అన్ని పడవలూ ఊగినట్టు. కోరస్ వేసి ఒక్కో మీటనూ విడివిడిగా రికార్డు చేసి, తర్వాత మూడు మీటలు కలిపి నొక్కితే? మూడు పడవలు మూడు వేరే అలల మీద. నాదం పెద్దదవుతుంది, బురదవుతుంది. కొనేవాళ్లకు మొదట ఈ పెద్దరికమే నచ్చుతుంది కూడా. పాటలో గొంతు పక్కన పెట్టి చూశాకే అది గొంతును తొక్కేస్తోందని తెలుస్తుంది. పైగా జూనోలో ఏడో మీట నొక్కితే ముందున్న ఒక స్వరం ఆగిపోవాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆంక్ష ఉండదు. సస్టెయిన్ పెడల్ తొక్కి పట్టేవాడి చేతిలో ఇరవై స్వరాలు మోగుతూనే ఉంటాయి. ఆనాటి పాటల్లో నేపథ్యం అంత ఖాళీగా, గాలాడుతున్నట్టు ఉండటానికి కారణం వాయించేవాడి సంయమనం ఒక్కటే కాదు, యంత్రం బీదరికం కూడా.

ఇప్పుడు మొదట చెప్పిన జారుడు దగ్గరికి రావాలి. నా దృష్టిలో ఈ ప్రశ్నంతా ఇక్కడే తేలుతుంది, కానీ పడమటి దేశాల సమీక్షకులు దీన్ని పెద్దగా పట్టించుకోరు. వాళ్లు ఒక మీట నొక్కి, ఒక కార్డ్ వాయించి, పక్కన అసలు యంత్రం పెట్టి పోల్చుతారు. మన కీబోర్డు కళాకారుడి ఎడమచేయి మాత్రం ఎప్పుడూ శ్రుతిని పైకీ కిందికీ లాగే బెండర్ మీదే ఉంటుంది. నాదస్వరం, షెహనాయి, వేణువు, వీణ వాయించాల్సిన బిట్లన్నీ కీబోర్డుకు బదిలీ అయినప్పుడు గమకమంతా ఆ చిన్న చక్రం మీద పడింది. బెండర్‌ను రెండు అరస్వరాలకు కట్టుకుని, కుడిచేత్తో కింది స్వరం నొక్కి, ఎడమచేత్తో పైకి లాగి వదలడం. మన పాటలో సింథసైజర్ గొంతంటే అదే.

అనలాగ్ యంత్రంలో బెండర్ లాగితే మామూలుగా మారేది ఆసిలేటర్ శ్రుతి ఒక్కటే. ఫిల్టర్ తన దారిన తాను తెరుచుకుంటూ, వైబ్రాటో తన వేగంలో తాను ఊగుతూ, కోరస్ తన మానాన తాను తిరుగుతూ ఉంటాయి. శాంపిల్‌లో ఇవన్నీ ఒకే రికార్డింగులో గడ్డకట్టి ఉన్నాయి. శ్రుతి పెంచడమంటే టేపు వేగం పెంచడమే. స్వరంతోపాటు వైబ్రాటో వేగమూ పెరుగుతుంది, ఫిల్టర్ ముందే తెరుచుకుంటుంది, కోరస్ కంగారు పడుతుంది. రెండు అరస్వరాలకు ఈ పెరుగుదల 12 శాతం, మూడైతే 19 శాతం. రాగం తెలిసిన చెవికి అది వెంటనే దొరికిపోతుంది. ఏమి తప్పో చెప్పలేకపోయినా గాయకుడు మొహం చిట్లిస్తాడు. మీటలన్నీ రికార్డు చేసే ఓపిక లేక మూడు మీటలకొకటి చొప్పున 21 స్వరాలు తీసి మిగతావాటికి సాగదీసే లైబ్రరీల్లో బెండర్ ముట్టుకోకముందే ఈ జబ్బు మొదలవుతుంది.

ఎం1లో ఇదే జబ్బు పుట్టుకతోనే ఉంది, ఎందుకంటే అదీ శాంపిల్‌ను సాగదీసేదే. కాబట్టి ఎం1 శాంపిల్‌ను బెండ్ చేస్తే వచ్చే వక్రత అసలు ఎం1 వక్రతకు చాలా దగ్గరగా ఉంటుంది. తొంభైల పాటలు ల్యాప్‌టాప్‌లో బాగా పలికి, అంతకు ముందు పదేళ్ల పాటలు పలకకపోవడానికి ఇది పెద్ద కారణం అంటాను.

గమకానికీ యంత్రానికీ ఉన్న సంబంధానికి మంచి సాక్ష్యం బొంబాయిలో ఉంది. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 మూడే పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళానికి కట్టి రికార్డు చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని ఆ రికార్డు 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం చెవులు రిక్కించింది. అందులో 303 ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే తీరు వినండి. జారుతున్నంతసేపూ నాదం తెగదు, ఫిల్టర్ కూడా వెంటే సాగుతుంది. రెండు స్వరాలను విడివిడిగా రికార్డు చేసిన శాంపిల్‌లో వాటి మధ్య దారి ఉండదు. అటుకొస ఇటుకొస ఉంటాయి, వంతెన ఉండదు.

ఇంత చెప్పాక కూడా స్టేజీ మీద లెక్కలు వేరు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల చర్చిల్లో, వినాయక చవితి మండపాల్లో, బోనాల ఊరేగింపు ముందు నడిచే వేదికల మీద ఎక్కువగా కనిపించేవి తబలా, తంబూరా వంటి మన నాదాలతో వచ్చే యమహా పీఎస్ఆర్-ఐ455, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వంటివి. ఇవీ లోపల శాంపిళ్లే. కరెంటు పోయి వచ్చినా కొద్ది సెకన్లలో సిద్ధం. ల్యాప్‌టాప్ అలా కాదు. శాంపిళ్లు ర్యామ్‌లోకి ఎక్కాలి, ఆడియో ఇంటర్‌ఫేస్‌ను గుర్తుపట్టాలి. బఫర్ 256 శాంపిళ్లకు పెట్టుకుంటే మీటకూ నాదానికీ మధ్య ఆరు మిల్లీసెకన్లకు కాస్త తక్కువ జాప్యం, దానికి మిగతా తీగలూ పెట్టెలూ కలిపేది అదనం. వేగంగా డప్పుతో కలిసి వాయించేవాడి వేలికి అది తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం షామియానా కింద ఫ్యాను హోరుతో వేడెక్కిన ల్యాప్‌టాప్ చరణం మధ్యలో గుటకలు మింగితే, ఎంత గొప్ప లైబ్రరీ అయినా ఆ పూటకు దండగే. నాకు తెలిసిన వాద్యకారులు పాత టోన్లను ఇంట్లో ల్యాప్‌టాప్‌లో తయారు చేసుకుని ట్రాక్‌గా కొట్టి, స్టేజీ మీద పెన్‌డ్రైవ్‌లోంచి వాయిస్తారు. ఇది తప్పని అనలేను గానీ, అప్పుడిక బెండర్ మీద చేతికి పని లేదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయినా జనం నోట ఆ చోటు ఇంకా పండ్ల మార్కెట్టే. శాంపిల్ బ్యాంకుల పేర్లూ అలాంటివే. చేతులు మారి మారి వచ్చే బ్యాంకుల్లో పేరు పాత యంత్రానిదే ఉంటుంది, లోపల ఉన్నది ఎవరో ఎంపీ3 పాటలోంచి కత్తిరించిన ముక్క కావచ్చు. చట్టం మాట కూడా ఉంది. అనలాగ్ యంత్రంతో మీరు తయారు చేసుకున్న నాదాన్ని మీరు రికార్డు చేసుకోవడం ఒక ఎత్తు. కంపెనీ స్టూడియోలో రికార్డు చేసి చిప్పులో పెట్టిన శాంపిళ్లను తీసి అమ్ముకోవడం వేరే ఎత్తు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ధ్వని ముద్రణకు విడిగా హక్కు ఇచ్చింది.

అసలు యంత్రమే కొనుక్కుంటే గొడవ వదులుతుంది కదా అనే పెద్దమనుషులకు ఒక మాట. ఇవన్నీ ముప్ఫై నలభై ఏళ్ల వస్తువులు. డీఎక్స్7, డి-50, ఎం1 మూడింటిలోనూ టోన్లను గుర్తుపెట్టుకునేది నాణెమంత బ్యాటరీ. అది అయిపోయిన రోజున యజమాని ఏళ్ల తరబడి మలుచుకున్న టోన్లు తుడిచిపెట్టుకుపోతాయి. జూనో-106లో ఒక్కో స్వరాన్ని నడిపే చిప్పుల మీద పూసిన నల్లటి పూత కాలం గడిచేకొద్దీ చెడి, స్వరాలు ఒక్కొక్కటే మూగబోతాయి. ఆ పూతను ఎసిటోన్‌లో నానబెట్టి తీయడం ఒక చికిత్స. మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే కెపాసిటర్లు, రెసిస్టర్లు, బ్యాటరీ హోల్డర్లు దొరుకుతాయి. ఆ పాత చిప్పులు దొరకవు. జపాన్ మార్కెట్ కోసం చేసిన 100 వోల్టుల యంత్రాన్ని తొందరలో మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టేసిన వీరులూ ఉన్నారు.

ఇంకొకటి కూడా పరిగణించాలి. ఆ పాటలను మనం విన్నది యంత్రంలోంచి కాదు. కొత్తదనం పోయిన క్యాసెట్టులోంచి విన్నాం. సినిమా హాల్లో 35 ఎం.ఎం. ప్రింటు అంచున ఉండే సన్నటి ఆప్టికల్ ట్రాక్‌లోంచి విన్నాం. తళుకులన్నీ అక్కడే చాలావరకు ఆగిపోయేవి. 24 బిట్లలో నిగనిగలాడే శాంపిల్ విని 'ఇది కాదు' అనేవాడికి కావాల్సింది ఇంకా మంచి శాంపిల్ కాకపోవచ్చు. పైనున్న మెరుపును ఈక్వలైజర్‌తో కోసి, కాస్త టేపు తడబాటు చేర్చి, స్టీరియోను మోనో చేసి వినిపిస్తే చాలాసార్లు మొహం విప్పారుతుంది.

నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. ఎం1 వంశానికి శాంపిల్ చాలు. డీఎక్స్7కు శాంపిల్ వద్దు, డెక్స్‌డ్ ఉంది. డి-50కి రోలాండే తెచ్చిన సాఫ్ట్‌వేర్ రూపం ఉంది. అనలాగ్ ప్యాడ్‌లకు, అంటే కదలకుండా పరుచుకునే వాటికి, కోరస్ తీసేసి రికార్డు చేసిన శాంపిళ్లు వాడి, కోరస్‌ను తర్వాత అన్నిటికీ కలిపి ఒక్కసారే వేసుకుంటే పని జరుగుతుంది. అనలాగ్ లీడ్‌కు, గమకం పలికే గొంతుకు, శాంపిల్ వద్దే వద్దు. 2011లో వచ్చిన డీవా వంటి, సర్క్యూటునే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కంప్యూటర్ చెమటలు కక్కుతుంది గానీ బెండర్ మాట వింటుంది.

చైతన్యపురిలోనో సరూర్‌నగర్‌లోనో ఎవరి ఇంటి అటక మీదైనా పాత యంత్రం ఒకటి ఇంకా పలుకుతూ ఉంటే, రికార్డింగు మొదలుపెట్టే ముందు మిడి తీగ కలిపి టోన్ల బ్యాంకును కంప్యూటర్లోకి దించుకోవాలి. బ్యాటరీ మార్చేది ఆ తర్వాతే. అప్పుడు ఎఫెక్టులన్నీ ఆపి, వైబ్రాటో ఆపి, బెండర్ నడిమధ్యన ఉందో లేదో చూసుకుని, కింది మీట నుంచి మొదలుపెట్టి ఒక్కో స్వరాన్నీ పూర్తిగా ఆరిపోయేదాకా రికార్డు చేయాలి. అంతా అయ్యాక ఎఫెక్టులు తిరిగి వేసుకుని, ఆ యంత్రాన్ని ఇన్నేళ్లూ వాయించిన మనిషినే కూర్చోబెట్టి, ఆయన ఎడమచేయి బెండర్ మీద ఏం చేస్తుందో పావుగంట ఊరికే వాయించమని, దాన్నీ రికార్డు చేసుకోవాలి. ఆ పావుగంట ఏ సాఫ్ట్‌వేర్‌లోకీ ఎక్కదు. సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న కుర్రాడికి మాత్రం అది కావాలి.